హైవే ఎక్కకుండా డొంకూరు దాకా

యువరాజు వయసు యాభై మూడు. భార్య పేరు రాజకుమారి. వాళ్ళ పెళ్ళి శుభలేఖ అచ్చువేసిన టెక్కలి ప్రెస్సాయన ఇవి అసలు పేర్లేనా అని రెండుసార్లు అడిగాడట. అసలు పేర్లే.

అక్కుపల్లి సముద్రానికి రెండు కిలోమీటర్లు లోపలగా, జీడితోటల మధ్య ఉన్న చిన్న ఊరు వాళ్ళది. ఎకరం కొబ్బరితోట ఉండేది. తిత్లీ తుఫాను నాడు అందులో చెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకున్నాయి. రాజకుమారి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు మీది పొట్టు తీసే పని చేస్తుంది. యువరాజు ఇరవై రెండేళ్ళు మంచినీళ్ళ స్కీములో వాల్వులు తిప్పాడు. నడుమెత్తు ఇనుప కీని సైకిలు కడ్డీకి తాళ్ళతో కట్టుకుని, తెల్లవారకముందే బయల్దేరి, ఒక ఊళ్ళో తిప్పి, ఇంకో ఊళ్ళో కట్టి, రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లు తొక్కేవాడు. ఏ ఊరికి నీళ్ళు రాకపోయినా తిట్లు మాత్రం అతనికి క్రమం తప్పకుండా అందేవి.

తర్వాత కిడ్నీలు పోయాయి. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానం తోటల్లో ఇది వార్త కాదు. పక్కింటివాళ్ళు కూడా ‘అయ్యో’ అనలేదు, ‘ఎంతుంది?’ అని అడిగారు. రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉందని వాళ్ళ ప్రశ్న; ఒకటి చుట్టుపక్కల ఉంటే కిడ్నీలు బాగున్నట్టు. మొదట నాలుగున్నప్పుడు అతను రిపోర్టుని బియ్యం డబ్బా వెనక పెట్టి, రేపు చూద్దాం అనుకున్నాడు. ఆ రేపు పద్నాలుగు నెలలు నడిచింది. ఆ తర్వాత చూడాల్సింది పెద్దగా మిగల్లేదు. పలాస ఆసుపత్రిలో సోమ, బుధ, శుక్రవారాలు, మొదటి షిఫ్టు, ఆరో నంబరు బెడ్డు. వాల్వు కీని స్కీము ఆఫీసులో అప్పజెప్పి సంతకం పెట్టాడు.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఎడమ చేతిలో రెండు సూదులు ఉంటాయి. ఆ హాల్లో ఒక టీవీ ఉంది గానీ దాని రిమోటు పోయి చాలా కాలమైంది. అందుకని అక్కడి రోగులు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోక తప్పదు.

ఏడో నంబరు బెడ్డు లోకనాథ్ మాస్టారిది. కంచిలి మనిషి. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. తను డయాలసిస్ మొదలెట్టినప్పుడు సోంపేటలో ఖాళీ లేక పలాస ఇచ్చారు; అప్పట్నుంచి తెల్లవారి రైలెక్కి వస్తాడు. ఎవరు ఏం చెప్పినా అది తప్పని నిరూపించడం ఆయనకి ప్రాణం. ఒక సోమవారం ఆయన తన ఎదురు బెడ్డువాడితో, భావనపాడు నుంచి ఇచ్ఛాపురం అవతల డొంకూరు దాకా సముద్రం వారనే వెళ్ళడం అసాధ్యం అన్నాడు.

“గెడ్డలు, ఏర్లు అడ్డం వస్తాయి. మూడు చోట్లయినా హైవే ఎక్కి దిగాల. తప్పదు,” అన్నాడు.

యువరాజు కళ్ళు మూసుకునే ఉన్నాడు. “ఎందుకెక్కాలండీ మాస్టారూ?” అన్నాడు.

“ఎందుకంతావేటి? దారి లేదు గనక.”

“నాను ఇరవై రెండేళ్ళు తిరిగీసినానండి ఆ తోవలన్నీ. ఏనాడూ హైవే ఎక్కనేదు.”

“నువ్వు తిరిగింది పద్దెనిమిది కిలోమీటర్లు. ఉద్దానమంటే నీ వాల్వులేనేటి?”

యువరాజు కళ్ళు తెరిచాడు. ఆ మాట అతనికి నొప్పి కలిగించింది. నిజం కావడం వల్ల ఇంకాస్త ఎక్కువగా.

ఈ వాదన ఐదు వారాలు నడిచింది. మొదట్లో నోటితోనే సాగింది. తర్వాత మాస్టారు పాత క్యాలెండరు కాగితం వెనకాల కుడిచేత్తో పటం గీయడం మొదలెట్టాడు. కంచిలి, కవిటి వైపు ఆయనకి తెలుసు. నౌపడ నుంచి అక్కుపల్లి దాటేదాకా యువరాజుకి తెలుసు. మధ్యలో బారువ చుట్టుపక్కల ఇద్దరికీ సరిగా తెలియదు. అక్కడ పటం తెల్లగా ఉండిపోయింది. ఆ తెల్లటి జాగా చూసినప్పుడల్లా యువరాజుకి నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక బుధవారం, సూదులు తీస్తుండగా చెప్పాడు.

“నాను ఎల్లి సూసొత్తాను మాస్టారూ. సైకిలు మీద.”

మాస్టారు కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించింది ఇతని ఆరోగ్యం గురించి కాదు, షరతుల గురించి. “హైవే ఎక్కకూడదు. బస్సూ ఆటో ఎక్కకూడదు. గెడ్డ కాడ పడవెక్కితే ఒప్పుకుంటాను. రాత్రిళ్ళు ఇంట్లో పడుకోకూడదు. ఇంట్లో పడుకుంటే అది యాత్ర కాదు, పనికెళ్ళి రావడం.”

డాక్టరు ముప్పయ్యేళ్ళ మనిషి. విషయం విని “ఎందుకు?” అని అడిగాడు.

“సూద్దామని,” అన్నాడు యువరాజు.

డాక్టరు కేసు షీటు తిరగేశాడు. హిమోగ్లోబిన్ ఎనిమిది పాయింటు రెండు. మెట్లెక్కితేనే ఆయాసం వచ్చే అంకె. “పది దాటితే అడగండి. అప్పుడైనా రోజుకి పాతిక కిలోమీటర్లకి మించకూడదు, ఎండలో తొక్కకూడదు,” అన్నాడు. పది దాటదని ఆయన ధైర్యం.

దాటడానికి ఏడు నెలలు పట్టింది. రక్తం పెరిగే ఇంజెక్షన్లు ఒక్కటీ వదల్లేదు. ఐరను మందు కడుపులో తిప్పినా మింగాడు. సాయంత్రాలు అక్కుపల్లి ఒడ్డు దాకా సైకిలు తొక్కేవాడు. మొదటి వారం వెళ్ళి, నడిపించుకుంటూ వెనక్కి వచ్చాడు. మూడో నెలకి రెండు వైపులా తొక్కాడు. తొమ్మిది పాయింటు ఆరు దగ్గర అంకె రెండు నెలలు కదలకుండా కూర్చుంది. ఆ రెండు నెలలూ మాస్టారు కూడా దాని గురించి వాదించలేదు.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే ఆలస్యంగా జరిగింది.

“ఏటి? సైకిలు యాత్రా? ఎవల్తోటి?” అంది రాజకుమారి.

“ఎవల్తోటీ నేదు. నానొక్కడినే.”

“మరి నానేటి సెయ్యాల?”

“నువ్వు ఇంటికాడుండు.”

రాజకుమారి రెండ్రోజులు ఫ్యాక్టరీకి వెళ్ళి వచ్చింది. మూడో రోజు అతని సంచిలోంచి మాస్టారి పటం తీసి నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. “ఏ ఊళ్ళో తింతావు?” అంది.

అంత వరకూ యువరాజు దాని గురించి ఆలోచించలేదు. అతని తిండి మామూలు తిండి కాదు. కూరలు ముక్కలు కోసి, గంటలు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించాలి. ఉప్పు దాదాపు సున్నా. రోజుకి తొమ్మిది వందల మిల్లీలీటర్ల నీళ్ళు; టీ, చారు, మాత్ర మింగే గుక్క కూడా అందులోకే వస్తాయి. కొబ్బరినీళ్ళలో ఉండే పొటాషియం గుండెని ఆపేస్తుందని, జీడిపప్పు కూడా ముట్టుకోవద్దని ఆసుపత్రి గోడ మీద బొమ్మలతో సహా రాసుంది. యాత్ర ఉప్పుమడుల దగ్గర మొదలై, జీడితోటల మీదుగా పోయి, కొబ్బరితోటల్లో ముగుస్తుంది. ఆ దారిలో పండేది ఏదీ అతను నోట్లో పెట్టుకోకూడదు.

“ముందు ఊరికి నాను ఆటోలో ఎల్లి వండి ఉంచుతాను. నువ్వు తొక్కుకుంటా రా. ఫ్యాక్టరీలో వారం సెలవడిగీసినాను,” అంది రాజకుమారి. అడగడం అప్పటికే అయిపోయింది కనక యువరాజు చేయగలిగింది లేదు.

పటం మీద లెక్క చూస్తే తొంభై కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంది. సైకిలు తొక్కేది మంగళ, గురు, శని, ఆదివారాలు. బుధవారం నాటికి అక్కుపల్లి దగ్గరే ఉంటాడు, పలాస వచ్చి వెళ్ళొచ్చు. వచ్చే సోమవారానికి యాత్ర అయిపోతుంది. శుక్రవారమే చిక్కు. ఆ రోజుకి బారువలో ఉంటాడు. పక్కనే సోంపేటలో డయాలసిస్ కేంద్రం ఉంది. అక్కడ ఒక్క పూట ఒక బెడ్డు కావాలి.

పలాస కేంద్రంలో టెక్నీషియన్ సుస్మితని అడిగాడు. ఆమె ఇతని సూదులు గుచ్చడం మొదలెట్టి మూడేళ్ళయింది.

“బాబాయ్, ఇది లాడ్జీలో రూము కాదు. అక్కడ బెడ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఒకరు ఖాళీ చేస్తేనే ఇంకొకరికి,” అంది సుస్మిత. ఖాళీ చేయడమంటే ఏమిటో ఆ హాల్లో అందరికీ తెలుసు.

ఏడో బెడ్డు మీంచి లోకనాథ్ మాస్టారు తల తిప్పాడు. “ఇతని బెడ్డు ఆ రోజు ఇక్కడ ఖాళీయే కదమ్మా. అక్కడోళ్ళు ఎవరైనా ఇక్కడికి రావాలనుకుంటే?”

సుస్మిత చేతిలోని టేపు ముక్క అలాగే పట్టుకుని నిలబడింది. ఈ ఆలోచన ఇంతవరకూ ఎవరికీ రాలేదు. కారణం కూడా సులభమే. మూడేళ్ళలో ఆ హాల్లో ఎవరూ ఎక్కడికైనా వెళ్ళాలని అడగలేదు.

ఆమె సోంపేటకి ఫోన్ చేసింది. నాలుగో రోజుకి మనిషి దొరికింది. రత్నాలమ్మ, సోంపేట పక్క పల్లెటూరు. కూతురిని పలాసలో ఇచ్చారు. మనవరాలి బారసాల సరిగ్గా ఆ శుక్రవారమే. తనకి డయాలసిస్ రోజు గనక వెళ్ళడం కుదరదని, ఫోటోలు పంపమని చెప్పి అప్పటికే ఏడవడం కూడా ముగించేసింది. విషయం విన్నాక రత్నాలమ్మ యువరాజుకి ఫోన్ చేసింది.

“బాబూ, నువ్వెవలో నాకు తెల్దు. నా బెడ్డు మీద ఫేను రాదు, ఇసనకర్ర తెచ్చుకో. ఎనకాల మిషను కూత కూత్తాది, అదేటీ కాదు, బయపడకు.”

ఇక కాగితాలు. ఇలాంటి మార్పిడికి ఫారం లేదు. తెల్లకాగితం మీద రాస్తే రెండు చోట్లా డాక్టర్లు సంతకం పెడతామన్నారు. ఇద్దరికీ కొత్తగా రక్తపరీక్షలు చేయించి, ఒకరి జబ్బు ఒకరికి అంటదని రిపోర్టులు జతచేయాలన్నారు. కారణం అన్న చోట రత్నాలమ్మకి ‘బారసాల’ అని రాశారు. యువరాజుకి సుస్మిత ‘వ్యక్తిగత పని’ అని రాయబోయింది.

“సైకిలు యాత్ర అని రాయమ్మా,” అన్నాడు యువరాజు.

“అలా రాస్తే డాక్టరుగారు నవ్వుతారు బాబాయ్.”

“నవ్వనీ. పనేటీ నేదు గదా నాకు. లేని పని ఎందుకు రాయడం?”

‘సైకిలు యాత్ర’ అనే రాసింది. డాక్టరు నవ్వలేదు. చదివి, ఇంకోసారి చదివి, సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి మొదటి మంగళవారం, సైకిలుని ఆటో పైన కట్టి భావనపాడు తీసుకెళ్ళారు. మాస్టారు షరతుల్లో ఆటో నిషేధం బయల్దేరిన తర్వాతే కనక ఇది చెల్లింది. సైకిలు హ్యాండిలుకి అరలీటరు సీసా కట్టుకున్నాడు. దాని మీద రాజకుమారి నెయిల్‌పాలిష్‌తో గీతలు పెట్టింది. ఏ ఊరు దాటితే ఏ గీత దాకా తాగొచ్చో లెక్క. నౌపడ వైపు ఉప్పుమడులు తెల్లగా మెరుస్తున్నాయి. ఉప్పు కుప్పల దగ్గర ఒకామె పిలిచి మజ్జిగ ఇవ్వబోయింది. వద్దన్నాడు. ఆమె అతని ఎడమ చెయ్యి చూసింది. మోచేతి దగ్గర, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన నరం తాడులా ఉబ్బి ఉంది. ఇక ఏమీ అడగకుండా గ్లాసు వెనక్కి తీసుకుని, “మా తమ్ముడికీ అంతే,” అంది.

ఉప్పుటేరు దగ్గర పడవవాళ్ళు దాటిస్తామన్నారు. ఎడమ చేత్తో బరువెత్తకూడదు కాబట్టి సైకిలుని వాళ్ళిద్దరే ఎత్తి పడవలో పెట్టారు. యువరాజు ఒడ్డున నిలబడి చూశాడు. ఇరవై రెండేళ్ళు ఆ సైకిలుని, దాంతోపాటు ఇనుప కీని, గెడ్డలు దాటించినవాడికి అది అంత బాగా అనిపించలేదు. అవతలి గట్టున దిగాక చాలాసేపు సీటు సరిచేసుకున్నాడు. దానికి సరిచేయాల్సిన అవసరం ఏమీ లేదు.

మధ్యాహ్నానికి అక్కుపల్లి చేరాడు. ఇల్లు రెండు కిలోమీటర్లు. మాస్టారి షరతు ప్రకారం ఇంట్లో పడుకోకూడదు కనక, తుఫాను ఏదీ లేని రోజున తుఫాను షెల్టరులో చాప వేసుకున్నారు. పొరుగూరి వాళ్ళు వచ్చి, ఇంట్లో ఏదైనా గొడవా అని అడిగి వెళ్ళారు. రాజకుమారి ఒక్కొక్కరికీ యాత్ర అని చెప్పింది. ఎవరూ నమ్మలేదు సరికదా, ఇద్దరికీ రాజీ చేయడానికి పెద్దమనిషి ఒకాయన కాసేపు కూర్చున్నాడు.

బుధవారం ఆటోలో పలాస వెళ్ళొచ్చాడు; డయాలసిస్ రోజుల ఆటోని మాస్టారు యాత్ర లెక్కలోంచి ముందే తీసేశాడు. గురువారం బారువ వైపు. ఆ రోజే అతనికి అసలు సంగతి తెలిసొచ్చింది. కొండలూ గెడ్డలూ కాదు, ఆ దారిలో కష్టమంతా మర్యాద. ఏ తోట దగ్గర ఆగినా కత్తి పట్టుకుని ఒకరు బొండం చెక్కడానికి సిద్ధంగా ఉన్నారు. వద్దంటే బాధపడ్డారు. ఒకాయన, “మా సెట్టు కాయి మీకు పనికిరాదేటి?” అని గట్టిగానే అడిగాడు. యువరాజు నోటితో చెప్పలేక ఎడమ చొక్కా చేతిని పైకి మడిచాడు. ఆ తర్వాత ఎక్కడ ఆగినా ముందు చొక్కా చేయి మడవడం అలవాటు చేసుకున్నాడు.

దాని ఫలితం వేరేగా వచ్చింది. చెయ్యి చూసినవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళి ప్లాస్టిక్ కవర్లు తెచ్చారు. వాటిలో రిపోర్టులు. ‘ఇది ఎక్కువేనా?’ ‘ఈ మాత్ర ఎన్నాళ్ళు వేసుకోవాల?’ ‘సూది గుచ్చితే నొప్పా?’ యువరాజు డాక్టరు కాదని చెప్పాడు. “డాక్టర్లకి టైముండదు గదా,” అన్నారు. తెలిసింది చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. తను అనుకున్నది తోవ చూసి రావడం. బారువ చేరేసరికి తోవ గురించి అతనికి గుర్తున్నది తక్కువ. ఏ ఇంట్లో ఎంత క్రియాటినినో మాత్రం వరసగా చెప్పగలడు. పటంలో తెల్లగా ఉన్న జాగా అది.

రాజకుమారి పొద్దున పదకొండుకే బారువ చేరి, వండేసి, ఒడ్డున కూర్చుని ఉంది. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళు. అక్కుపల్లి దాటాక సముద్రం ఎలా ఉంటుందో తనూ ఇంతవరకూ చూడలేదంది. ఎలా ఉందని అడిగితే, “ఒకటే సముద్రం. కానీ ఇక్కడ మనోళ్ళెవరూ నేరు, అది బాగుంది,” అంది.

శుక్రవారం సోంపేటలో రత్నాలమ్మ బెడ్డు మీద పడుకున్నాడు. ఫ్యాను రాలేదు. మిషను కూసింది. పలాసలో అతని ఆరో నంబరు బెడ్డు మీద రత్నాలమ్మ, నాలుగు గంటలూ లోకనాథ్ మాస్టారితో వాదించి, బారసాలకి పట్టుచీరలో వెళ్ళిపోయిందని సుస్మిత మెసేజి పెట్టింది. చివర్న, మాస్టారు ఓడిపోయాడని కూడా రాసింది.

శనివారం బారువ దాటాక తారు అయిపోయింది. ఇసుక బాటలో తొక్కుతూ, దిగి నడుస్తూ కవిటి వైపు పల్లె ఒకదానికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అక్కడ వెనక చక్రం పంచరైంది. పంచర్లు వేసే మనిషి బంగారయ్య. ముప్పయ్యారేళ్ళు ఉంటాయి. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపడం అతని పని. పంచర్లు ఖాళీ రోజుల్లో. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ, యువరాజు చేతిని కూడా చూశాడు. పంచరు అయిపోయింది. గాలి కూడా పట్టాడు. పంపు పక్కన పెట్టి, లోపలికి పోయి, ఒక కాగితం తెచ్చాడు. అది కవర్లో లేదు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఐదు పాయింటు ఎనిమిది. తేదీ చూస్తే ఐదు నెలల కిందటిది.

“ఇంట్లో సెప్పినావా?” అన్నాడు యువరాజు.

“నేదు.”

“ఈ ఐదు నెల్లూ మందులేటైనా?”

“నేదు. ఎల్తాను. కాయి దింపుడు అయిపోయినాక. రేపో ఎల్లుండో...”

యువరాజు కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు. అతనికి పెద్దగా ఉపన్యాసాలు రావు. వాల్వులు తిప్పే మనిషికి వాటి అవసరం పడదు. “నాను పద్నాలుగు నెల్లు రేపన్నాను. ఇది సూడు,” అని చెయ్యి చాపి, బంగారయ్య వేళ్ళు తీసుకుని మోచేతి నరం మీద పెట్టాడు. లోపల రక్తం గిర్రున తిరగడం వేళ్ళకి తెలుస్తుంది. కొత్తవాళ్ళు సాధారణంగా చెయ్యి వెనక్కి లాక్కుంటారు. బంగారయ్య లాక్కోలేదు. చాలాసేపు అలాగే ఉంచాడు.

“ఇప్పుడే ఎల్దాం,” అన్నాడు యువరాజు.

“ఇప్పుడేటి? బండి నేదు.”

“సైకిలుంది గదా.”

కవిటి ఆసుపత్రి లోపలికి ఏడు కిలోమీటర్లు. మనిషిని ఎక్కించుకుని తొక్కే రక్తం యువరాజు ఒంట్లో లేదు. అందుకని జబ్బు ఇంకా ముదరని బంగారయ్య తొక్కాడు, జబ్బు ముదిరిన యువరాజు వెనక క్యారియర్ మీద కూర్చున్నాడు. ఏడు కిలోమీటర్లలో బంగారయ్య రెండుసార్లు ఆపాడు. మొదటిసారి, మందులేసుకుంటే చెట్లెక్కొచ్చా అని అడిగాడు. రెండోసారి ఏమీ అడగలేదు. సైకిలుని చెట్టుకి ఆనించి, తోటలోకి కాస్త దూరం నడిచి వెళ్ళి, ముఖం తుడుచుకుని వచ్చాడు. యువరాజు ఆ కాసేపూ సీసా మీది గీతలు చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో చాలాసేపు పట్టింది. మళ్ళీ రక్తం తీశారు. ఆరు పాయింటు ఒకటి. బీపీ చూసి అక్కడి డాక్టరమ్మ, వెంటనే వచ్చారు అంది, అది పొగడ్తో తిట్టో ఇద్దరికీ అర్థం కాలేదు. మందులు రాసింది, తిండి చెప్పింది, పదిహేను రోజులకోసారి రమ్మంది. ఇంట్లో విషయం చెప్పడం మందులకంటే ముందు చేయాలంది. బంగారయ్య ఫోన్ తీసి భార్యకి చేసి, “కవిటిలో ఉన్నాను. ఒంట్లో బాగోనేదు. మరి రా,” అన్నాడు. ఐదు నెలలు దాచిన సంగతి మూడు మాటల్లో అయిపోయింది.

అప్పటికి పొద్దు వాలింది. రాజకుమారి ఆ పూట వంట ముందు ఊళ్ళో చేసి ఉంచింది. యువరాజు ఫోన్ చేస్తే ఆ గిన్నెలన్నీ మూటగట్టుకుని కవిటి వచ్చేసరికి బాగా కోపంగా ఉంది. ఆసుపత్రి వరండాలో బంగారయ్య భార్య గోడకి ఆనుకుని కూర్చుని ఉండటం చూసి కోపం మాట ఎత్తలేదు. గిన్నె విప్పి ఆమెకి కూడా పెట్టింది. ఆమె ఒక ముద్ద తిని, “ఉప్పు నేదు,” అంది. “ఇంకుండదు,” అంది రాజకుమారి. తర్వాత కూరలు ఎలా నానబెట్టాలో చెబుతూ చాలాసేపు కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే ఆగిన చోటికి తిరిగి వెళ్ళి మొదలెట్టాలంటే ఏడు కిలోమీటర్లు వెనక్కి. డాక్టరు పెట్టిన పాతిక దాటిపోతుంది. అందుకని యువరాజు కవిటి నుంచే తొక్కాడు, తోటల మధ్య దారిలో, హైవే ఎక్కకుండా. ఆ పల్లెకి ఉత్తరాన ఆరు కిలోమీటర్ల ఒడ్డు మాత్రం అతని యాత్రలో లేకుండా పోయింది. దాని గురించి దారి పొడుగునా బాధపడ్డాడు. బంగారయ్య గురించి అంత బాధపడలేదు. అది జరగాల్సిన పనే.

డొంకూరులో మధ్యాహ్నం రెండింటికి సైకిలు దిగాడు. బాహుదా నది సముద్రంలో కలిసే చోటు చూడాలని తొమ్మిది నెలలు అనుకున్నాడు. ఆ రోజుకి అది కలవడం లేదు. మధ్యలో ఇసుక దిబ్బ అడ్డం పడి ఉంది. ఇటు నది కదలకుండా నిలబడి ఉంది, అటు సముద్రం తన పని తను చేసుకుంటోంది. వలలు బాగుచేస్తున్న ఆడవాళ్ళు సగం తెలుగులో సగం ఒడియాలో, వానలు పడితే దిబ్బ తెగుతుందని చెప్పారు. రాజకుమారి ఉదయం నుంచీ వాళ్ళతోనే కూర్చుని ఉంది. అప్పటికే వాళ్ళ ఇళ్ళ సంగతులన్నీ ఆమెకి తెలుసు.

“అయిపోయిందేటి?” అంది.

“అయిపోయింది.”

“ఎలాగుంది?”

యువరాజు దిబ్బ వైపు చూశాడు. నవ్వు వస్తోంది, ఎందుకో తెలియదు. “బాగుంది,” అన్నాడు. సీసాలో చివరి గీత దాకా ఉన్న నీళ్ళు తాగాడు. రాజకుమారి తన కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది. పదిమంది చూస్తుండగా అలా చేయడం ఆమెకి అలవాటు లేదు.

ఆ రాత్రికి కంచిలిలో మాస్టారి ఇంట్లో ఉండి, సోమవారం తెల్లవారి రైల్లో ముగ్గురూ పలాస వచ్చారు. బెడ్డెక్కే ముందు బరువు చూస్తారు. పోయినసారి నుంచీ ఒంట్లో ఎంత నీరు చేరిందో లెక్క. యువరాజుకి మామూలుగా మూడు కిలోలు. ఆ రోజు కిలో మూడు వందలు. సుస్మిత కాటా చెడిందనుకుని తను ఎక్కి చూసుకుంది. డాక్టరు షీటు చూసి, వారమంతా ఏం చేశారు అన్నాడు. సైకిలు తొక్కానన్నాడు యువరాజు. డాక్టరు షీటు మీద ఏదో రాశాడు. ఏం రాశాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మాస్టారు తీర్పు బుధవారం దాకా వాయిదా వేశాడు. చివరికి చెప్పింది ఇది: యువరాజు హైవే ఎక్కలేదు కనక తను ఓడిపోయాడు, ఏడు కిలోమీటర్లు క్యారియర్ మీద కూర్చున్నాడు కనక యువరాజు గెలవలేదు. పటంలో బారువ దగ్గరి తెల్లటి జాగా నింపాడు. అక్కడ ఊళ్ళ పేర్ల పక్కన యువరాజు చెప్పినవాళ్ళ అంకెలు కూడా చిన్నగా రాసుకున్నాడు. ఎందుకని సుస్మిత అడిగితే, “పటమంటే ఉన్నది చూపించాలమ్మా,” అన్నాడు.

సుస్మిత ఒక నోటుపుస్తకం పెట్టింది. పలాస, సోంపేట, కవిటి కేంద్రాల్లో ఎవరైనా ఏ రోజైనా ఊరెళ్ళాలనుకుంటే అందులో రాయించుకోవచ్చు. ఎదురు మనిషి దొరికితే మార్చుతారు. వానలు పడేలోగా ఏడు మార్పిళ్ళు జరిగాయి. పెళ్ళిళ్ళు నాలుగు, గృహప్రవేశం ఒకటి, పదో తరగతి ఫలితాల రోజు పిల్ల దగ్గర ఉండాలని ఒకరు. ఒకాయన కారణమేమీ లేదని, ఊరికే వేరే కిటికీలోంచి చూడాలనుందని రాయించాడు. అదీ మార్చారు.

బంగారయ్య అంకె వేసవిలో ఐదు పాయింటు రెండుకి దిగి, అక్కడ ఆగింది. చెట్లు తక్కువగా ఎక్కుతున్నాడు, పంచర్లు ఎక్కువ వేస్తున్నాడు. ఎన్నాళ్ళు ఆగుతుందో డాక్టరమ్మ చెప్పలేదు, అతను అడగలేదు.

యువరాజు హిమోగ్లోబిన్ మేలో మళ్ళీ తొమ్మిదికి పడింది. సైకిలు తొక్కొద్దన్నారు. అతను సైకిలుకి గ్రీజు పెట్టి చూరు కింద నిలబెట్టాడు. సాయంత్రాలు నడిచి అక్కుపల్లి ఒడ్డుకి వెళ్తున్నాడు. రాజకుమారి ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చేస్తోంది. ఇంటి దగ్గర పనులు అలాగే ఉంటున్నాయని అత్తగారి తరఫు వాళ్ళు అంటున్నారు. అంటే అన్నారని ఇద్దరూ చీకటి పడేదాకా అక్కడే కూర్చుంటున్నారు.